కంటికి బెల్టు కట్టిన డాక్టర్ స్కెపెన్స్

రెటీనా ఊడిపోతే చూపు పోయినట్టేనని వైద్యులు చేతులెత్తేసిన కాలం ఒకటుంది. దానికి మూలం రెటీనాలో పడే చిరుగేనని, దాన్ని మూస్తే చూపు నిలుస్తుందని 1920లలో స్విట్జర్లాండ్ వైద్యుడు జూల్ గోనాన్ నిరూపించారు. అయినా చిరుగులన్నీ కనిపెట్టడం, మూసినవి తెరుచుకోకుండా చూడటం కష్టంగానే ఉండేది. ఈ రెండింటికీ దారి చూపిన వారిలో ముఖ్యుడు చార్లెస్ స్కెపెన్స్.

ఆయన 1912లో బెల్జియంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక మారుపేరుతో ఫ్రాన్స్‌లోని మెండివ్ గ్రామానికి చేరి కలప మిల్లు నడిపారు. ఆ మిల్లు చాటున వందమందికి పైగా పిరనీస్ కొండలు దాటించి స్పెయిన్‌కు పంపారు. 1943లో నాజీ పోలీసుల నుంచి త్రుటిలో తప్పించుకుని, చివరికి లండన్ చేరారు. అక్కడ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలో పనిచేస్తూ, తలకు తగిలించుకుని రెండు కళ్లతో రెటీనా అంచుల దాకా చూడగలిగే పరికరాన్ని తయారుచేశారు. రెటీనా వైద్యులు ఇప్పటికీ వాడుతున్నది ఆ పద్ధతినే.

1947లో అమెరికాలోని బోస్టన్‌కు వెళ్లి, 1950లో రెటీనా ఫౌండేషన్ స్థాపించారు. కంటి తెల్లగుడ్డును బయటి నుంచి లోపలికి నొక్కితే, కంటిగోడ చిరుగును ఆనుకుని దాన్ని మూసేస్తుంది. జర్మనీలో ఎర్నస్ట్ కుస్టోడిస్ 1949లో ఈ మార్గం తెరిచారు. స్కెపెన్స్ కంటిగుడ్డు చుట్టూ పాలిథిన్ గొట్టాన్ని బెల్టులా బిగించారు.

చాలామందికి చూపు దక్కింది. కానీ ఆ గొట్టం గట్టిది. కొందరిలో అది తెల్లగుడ్డును మెల్లగా కోసుకుంటూ కంటి లోపలికి దిగింది. ఇన్‌ఫెక్షన్లూ వచ్చాయి. దాంతో 1960 ప్రాంతంలో స్కెపెన్స్ బృందం మెత్తటి సిలికాన్ రబ్బరుకు మారింది. దాని చుట్టూ కంటి కణజాలం పల్చటి పొర అల్లుకుని, సాధారణంగా దాన్ని భరిస్తుంది. అయినా కొందరిలో అది బయటికి పొడుచుకొస్తుంది, లేదా చీము పట్టి తీసేయాల్సి వస్తుంది. ఇంకా మెత్తనిదని 1980లలో హైడ్రోజెల్ వాడారు. ఏళ్లు గడిచాక అది నీరు పీల్చి ఉబ్బి, తీయబోతే ముక్కలయ్యేది. ఆపరేషన్ రోజున బాగున్న పదార్థాన్ని కన్ను ఒప్పుకుందో లేదో తేలడానికి ఒక్కోసారి దశాబ్దం పడుతుంది.

ఆయన దగ్గర శిక్షణ పొందిన ఎస్.ఎస్. బద్రినాథ్ 1978లో చెన్నైలో శంకర నేత్రాలయ స్థాపించారు. తెలుగువారెందరో రెటీనా చికిత్సకు వెళ్లే ఆసుపత్రి అది. స్కెపెన్స్ 2006లో కన్నుమూశారు. ఇప్పుడు విట్రెక్టమీ ఎక్కువైనా, ముఖ్యంగా వయసులో చిన్నవారికి బకిల్ వేస్తూనే ఉన్నారు. అది వేయించుకున్నవారు ఎన్నేళ్ల తర్వాతైనా కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, ఒకటి రెండుగా కనిపించినా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.