జార్జి హారిసను

పరీక్షలో తప్పి దిగులొందిన మన విద్యార్థులకు, గెలుపును ఓటమిని రెంటిని చూచిన యొక గాయకుని చరిత్రము తెలుపదలచితిమి.

జార్జి హారిసను 1943వ సంవత్సరమున ఇంగ్లండునందలి లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి బస్సు కండక్టరుగ పనిచేయుచు కుటుంబమును పోషించెను. లోకప్రసిద్ధమైన బీటిల్సు గాయకబృందమున జార్జి యందరికంటె చిన్నవాడు. లెనను, మెకార్ట్నీలు రచించిన పాటలే యధికమగుటచే నితని పాటలకు చోటు స్వల్పముగ నుండెను.

1970లో బృందము విడిపోయెను. చిరకాలము దాచుకొన్న పాటలను జార్జి యా యేడే మూడు రికార్డుల సంపుటముగా వెలువరింప, లోకము మెచ్చెను. 1971లో తన సితారు గురువగు రవిశంకరు కోరికపై, బంగ్లాదేశపు కాందిశీకులకై న్యూయార్కున గానసభలు జరిపెను.

పిమ్మట దశ మారెను. 1974లో అమెరికా పర్యటనమున గొంతు బొంగురుపోయి విమర్శలపాలయ్యెను. 1970 నాటి సంపుటములోని మేటిపాట బాణీ, తెలియకయే యైనను, అన్యుల పాటను బోలియున్నదని 1976లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1982 నాటి సంపుటము నాదరించినవారు కొందరే. ఐదేండ్ల పిదప, 1987లో, మరల సంపుటము వెలువరించెను. అందలి యొక పాట మరుసటి యేట అమెరికాలో ప్రథమస్థానము నందెను. 2001లో కేన్సరు వ్యాధిచే గతించెను.

ఇతని పాటలన్నియు సమానముగ గొప్పవని మేమనము. చప్పట్లు కరవైన దినములందును పాటను విడువకుండుటయే యితని గొప్పతనమని తలంతుము.