పొట్టకు పాట.. పోరుకు కవిత

చెన్నై: శ్రీశ్రీ పేరు చెప్పగానే విశాఖ గుర్తొస్తుంది. 1910లో పుట్టింది అక్కడే. కానీ ఆయన జీవితంలో సగం దాకా గడిచింది మద్రాసులో. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో జంతుశాస్త్రం చదివారు. ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్‌గా చేశారు. ఢిల్లీ రేడియోలోనూ, ఇంకొన్ని చోట్లా కొలువులు వెలగబెట్టారు గానీ ఏదీ నిలవలేదు. 1947లో మళ్లీ మద్రాసు చేరాక ఇక కలం మీదే బతికారు. ఒకటో తారీఖున జీతం వచ్చే బతుకు కాదది.

1950లో రెండు పనులు జరిగాయి. మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది. అందులోని గేయాలు చాలావరకు 1930ల్లో రాసినవే. చలం ముందుమాట 1940లోనే సిద్ధం. అయినా అచ్చుకు మరో పదేళ్లు పట్టింది. అదే ఏడాది ఆహుతి విడుదలైంది. నీరా ఔర్ నందా అనే హిందీ సినిమాకు తెలుగు రూపం, తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం. దానికి కలం పట్టింది శ్రీశ్రీ.

డబ్బింగ్ రచనంటే చిన్నచూపు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. చేసి చూస్తే తెలుస్తుంది. తెర మీద నటి పెదవులు మూసుకున్న చోట ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. నోరు తెరిచిన చోట అచ్చు సాగాలి. మాట ముందు అయిపోకూడదు, మిగిలిపోకూడదు. ఇంత చేసీ అర్థం చెడకూడదు. ఛందస్సును నమిలి మింగినవాడికి, పత్రికల్లో పదబంధ ప్రహేళికలు కట్టినవాడికి ఇది లెక్కలోది కాదు. కోడంబాక్కం ఆయనకు అన్నం పెట్టింది. అది కూలి పనే అనుకున్నా, కూలిని చులకన చేసే మనిషి కాదాయన.

మనసంతా రాజకీయం మీదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు ఇవతలే ఉండిపోయింది, శ్రీశ్రీ కూడా. 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగారు. అధికారం తమదేనన్న ధీమాతో ఉన్న పార్టీకి 196 స్థానాల్లో దక్కినవి 15. ప్రచారం నుంచి వస్తూ జబ్బుపడి ఆయన కొన్నాళ్లు ఆసుపత్రిలో గడిపారు. 1964లో పార్టీయే రెండుగా చీలింది. నమ్ముకున్న జెండా కళ్లముందే చినిగితే కవికి మిగిలేదేంటి? పాటలు రాస్తూనే ఉన్నారు. తిండికి లోటు లేకపోయినా లోపల ఏదో వెలితి.

ఆ వెలితిని కదిపింది శ్రీకాకుళం. ఒడిశా సరిహద్దు పల్లెల్లో జముకుల కథ చెబుతూ తిరిగిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మరుసటి ఏడు విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి. సన్మానాల హడావిడి మధ్య విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. రచయితలు ఎవరి పక్షమో తేల్చుకోమన్నారు. దండలు వేయించుకోవాల్సిన పెద్దమనిషి ఆ ప్రశ్నను తోసెయ్యలేదు. 1970 జూలై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం పుట్టింది. తొలి అధ్యక్షుడు ఆయనే. అరవై ఏళ్ల వయసులో, సినిమా ఆదాయం మీద బతికే మనిషికి అది తేలిక నిర్ణయం కాదు. తరువాత పౌరహక్కుల సంఘానికీ తొలి అధ్యక్షుడయ్యారు.

ఇంకో విచిత్రం ఉంది. 1974 నాటి అల్లూరి సీతారామరాజు సినిమా పాటకు జాతీయ అవార్డు వచ్చింది. మన్యంలో సర్కారు మీద తిరగబడ్డవాడి పాటకు సర్కారు బహుమతి!

చివరిదాకా చేతినిండా పనే. ఆత్మకథ అనంతం ప్రజాతంత్రలో ధారావాహికగా నడిచింది. మరో ప్రస్థానం 1980లో వచ్చింది. 1981లో మహాప్రస్థానం ఆయన సొంత దస్తూరీతో, ఆయన గొంతు రికార్డు చేసిన క్యాసెట్‌తో కలిపి లండన్‌లో వెలువడింది. తెలుగు సినిమా అప్పటికే మెల్లగా హైదరాబాద్‌కు మూటాముల్లె సర్దుకుంటోంది. శ్రీశ్రీ మాత్రం కదల్లేదు. 1983 జూన్ 15న మద్రాసులోనే కన్నుమూశారు.