బీజగణితమునకు పేరిచ్చిన గురువు – అల్ ఖ్వారిజ్మీ

వర్గ సమాసమును కారణాంకములుగా విడదీయుమనగానే మన విద్యార్థులలో చాలమంది ముఖములు వాడిపోవును. సూత్రమును వల్లించుదురే గాని అది ఏల నిజమో ఎరుగరు. ఆ భయముతోనే గణితమును విడిచిపెట్టువారును గలరు. ఈ శాస్త్రమునకు పేరు వచ్చుటకు కారకుడైన మహనీయుని చరిత్ర తెలిసినచో ఆ భయము కొంత తీరునని మా విశ్వాసము.

ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ సుమారు క్రీ.శ. 780లో జన్మించినారు. ఆయన పేరు ఆరల్ సముద్రమునకు దక్షిణమున గల ఖ్వారిజ్మ్ సీమను తెలుపును. 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ కాలమున ఆయన బాగ్దాదులోని విజ్ఞాన భవనమగు బైతుల్ హిక్మత్‌లో పనిచేసినారు. భారతీయ అంకెలతో లెక్కించు విధానమును గూర్చి ఒక గ్రంథము రచించినారు. భారతీయ పద్ధతి ననుసరించి ఖగోళ పట్టికలను కూర్చినారు.

ఆయన కీర్తికి మూలము జబ్ర్, ముఖాబలా గ్రంథము. తీసివేతగా నున్న రాశిని పూరించి సరిచేయుట జబ్ర్. ఇరువైపుల గల ఒకే తరగతి రాశులను సరిచూచి తగ్గించుట ముఖాబలా. వారసత్వపు పంపకము, వ్యాపారము, భూమి కొలత, కాలువల త్రవ్వకము మొదలగు వ్యవహారములలో జనులకు అక్కరకు రావలెనని ఆయన దీనిని వ్రాసినారు.

అందు గుర్తులు లేవు, అన్నియు మాటలే. ఒక వర్గమునకు దాని మూలమునకు పది రెట్లు కలిపిన 39 అగును, మూలమెంత? ఆయన ఒక చతురస్రమును గీసి, దాని రెండు ప్రక్కల ఐదేసి వెడల్పు గల పట్టీలను చేర్చినారు. మూలయందు 25 వైశాల్యము గల ఖాళీ మిగిలినది. దానిని పూరించగా మొత్తము 64, భుజము 8. అందుండి 5 తీసిన మూలము 3. ఋణ మూలమును ఆయన గ్రహింపలేదు. పొడవు ఋణము కానేరదు గదా!

ఈ మార్గమునే మన తరగతిలోను అనుసరింపవచ్చును. అట్టతో ఒక పెద్ద చతురస్రము, దాని పొడవే గల ఐదు పట్టీలు, పట్టీ వెడల్పే భుజముగా గల ఆరు చిన్న చతురస్రములు కత్తిరించి, అన్నిటిని ఒకే దీర్ఘచతురస్రముగా పేర్చుమనవలెను. ఒక భుజము పెద్ద చతురస్రపు భుజము కంటె 2, రెండవది 3 ఎక్కువగును. ఆ భుజములే కారణాంకములు. రెండును మూడును కలిపిన ఐదు, గుణించిన ఆరు! చిన్నవి ఏడైనచో ఎట్లు పేర్చినను దీర్ఘచతురస్రము కుదరదు. ఏల కుదరదో విద్యార్థియే చెప్పగలడు.

ఖ్వారిజ్మీ సుమారు 850లో కన్నుమూసినారు. 1145లో చెస్టర్ వాసి రాబర్ట్ ఆ గ్రంథమును లాటినులోనికి అనువదించినాడు. జబ్ర్ నుండి ఆల్జీబ్రా, ఆయన పేరు నుండి అల్గారిథమ్ పుట్టినవి.

కమిటీ పెద్దలకు మా మనవి యొక్కటే. అట్టముక్కలకు వ్యయము స్వల్పము. ఉర్దూ విద్యార్థియు తెలుగు విద్యార్థియు ఒకే బల్లయొద్ద కూర్చుండి వానిని పేర్చవచ్చును. చిత్రమునకు భాషాభేదము లేదు.