చుట్టను గెలువలేని చిత్తవైద్యుడు

పొగత్రాగుట మానుట యేమంత పని యని యెన్నడును త్రాగనివారు తేలికగా ననుదురు. మానుటకు యత్నించి మఱల పడినవారు ఆ మాట విని తల వంచుకొందురు. మా యెఱుకలో నిట్టివారు పెక్కుమంది కలరు. వారిలో న్యాయవాదులున్నారు, ఉపాధ్యాయులున్నారు, నూఱెకరముల మాగాణిని ఒంటిచేతిమీద నడపు గృహస్థులున్నారు. ఇతర వ్యవహారములందు వీరిని దృఢచిత్తము లేనివారని యెవరును అనజాలరు. అయినను మానిన నాల్గవనాడో, నలుబదవనాడో మఱల అగ్గిపెట్టెకొఱకు చేయి చాచి, తమ సంకల్పబలమునే శంకించుకొనుచు లోలోన క్రుంగుచుందురు. అట్టివారి నిమిత్తము నేడు సిగ్మండ్ ఫ్రాయిడు జీవితమును స్మరింపదలచితిమి. ఆయన సిద్ధాంతములలో నేవి నిలిచినవి, యేవి నిలువలేదు అను చర్చను పండితులకు విడిచి, ఆయనకును ఆయన చుట్టకును నడుమ అర్ధశతాబ్దమునకు మించి సాగిన పోరాటమును మాత్రమే యిచట చెప్పెదము.

ఫ్రాయిడు 1856 మే 6వ తేదీన ఆనాటి ఆస్ట్రియా సామ్రాజ్యమందలి మొరేవియా ప్రాంతమున ఫ్రైబర్గు అను చిన్న పట్టణములో జన్మించెను. అది నేడు చెక్ దేశమున ప్రిబోర్ అను పేర నున్నది. తండ్రి యాకోబు ఉన్ని వర్తకుడు. 81వ యేటి వఱకు పొగ విడువనివాడు. 1860లో ఆ కుటుంబము వియన్నా చేరెను. 1881లో ఫ్రాయిడు వైద్యపట్టమును పొందెను. దానికి ముందుగనే, 24వ యేట, సిగరెట్లతో ప్రారంభించి కొలది కాలమునకే చుట్టలకు మరగెను. ఆ దేశమున పొగాకు సర్కారువారి గుత్తాధిపత్యములో నుండెడిది. ఆ గుత్త క్రింద అమ్మెడి ట్రబుకో అను చిన్నచుట్టలు ఆయనకు నిత్యవాడుక. దినమునకు ఇరువది చుట్టలు కాల్చుట పరిపాటి. తన పరిశ్రమశక్తికిని, మనోనిగ్రహమునకును చుట్టయే ఆధారమని ఆయన నమ్మెను. ఈ నమ్మికను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వచ్చిన కష్టమంతయు దీనినుండియే వచ్చినది.

వ్యసనమన నేమో ఆయనకు తెలియదని యనుటకు వీలులేదు. ఎర్నెస్ట్ ఫాన్ ఫ్లైషల్-మార్క్సో అను శరీరశాస్త్రజ్ఞుడు ఆయనకు ఆప్తమిత్రుడు. బొటనవ్రేలికి శస్త్రచికిత్స జరిగిన పిదప విడువని నొప్పికై ఆయన మార్ఫినును సేవించి దానికి దాసుడయ్యెను. 1884లో కొకెయినును గూర్చి వ్యాసము ప్రకటించిన ఫ్రాయిడు, ఆ మందుతో మిత్రుని మార్ఫిను మాన్పింపవచ్చునని యాశించెను. ఆ యాశ తలక్రిందయ్యెను. మిత్రుడు కొకెయినునకును దాసుడై 1891లో మరణించెను. ఒక మత్తును మఱియొక మత్తుచే తోలివేయుటలోని యపాయమును ఫ్రాయిడు కన్నులార చూచెను. ఈ సంగతి మఱల మనకు పనికివచ్చును.

1894వ సంవత్సరపు వసంతమున ఆయనకు ముప్పది యెనిమిదవ యేడు నడుచుచుండెను. గుండె లయ తప్పి కొట్టుకొనుట అంతకు మునుపే మొదలయ్యెను. బెర్లినులో ముక్కు, గొంతు వైద్యుడైన విల్‌హెల్మ్ ఫ్లీస్ అను మిత్రుడు దానికి చుట్టయే హేతువని యుత్తరములద్వారా నిషేధము విధించెను. ఫ్రాయిడు మానెను. మొదటి కొన్ని దినములు ఓర్చుకొనదగినవిగనే నుండెను. అంతట, చుట్టలు కాల్చునాడెన్నడును లేనంత బాధ యొక్కసారిగా మీద పడెను. గుండెలో బరువు, మంట, ఎడమచేతిలోనికి ప్రాకెడి నొప్పి, ఆయాసము కలిగెను. వీనికి తోడు మనసు క్రుంగిపోయి, చావును, వీడ్కోళ్ళను గూర్చిన ఊహలు ముసరెను. వియన్నాలో ఆయనకు పెద్దదిక్కుగా నున్న బ్రాయరు వైద్యుడు ఇది గుండె కండరపు జబ్బేమో యని సందేహించెను. ఫ్లీసు ఇది నికోటిన్ విషమని వాదించెను. రోగిగా మాఱిన వైద్యుడు ఇద్దఱును తన యొద్ద నిజము దాచుచున్నారని యనుమానించెను. తరువాతి వైద్యులును ఈ విషయమున ఏకాభిప్రాయమునకు రాలేదు. (ఇట్టి నొప్పి యెడమచేతికి ప్రాకినచో, పొగ మానినందున వచ్చినదని యూరకుండక వెంటనే వైద్యుని చూడవలసినదని మా పాఠకులకు మనవి.)

ఆ జూను మాసమున ఫ్లీసునకు వ్రాసిన లేఖలో ఫ్రాయిడు తన కష్టమును వైద్యుడు రోగిని వర్ణించినట్లు లెక్కగా వ్రాసికొనెను. చుట్ట లేనందువలని వేదన సుమారు మూడు వారములకు తగ్గెను. గుండెబాధ అయిదు వారములకు నెమ్మదించెను. కాని పనిచేయు శక్తి పోయి, దెబ్బతిన్న మనుష్యునివలె మిగిలితినని యాయన మొఱ. ఏడు వారములు గడచిన పిదప, మిత్రునికిచ్చిన మాట దాటి, మఱల చుట్ట ముట్టించెను. మొదటి చుట్టలతోనే బుద్ధి పనిచేయసాగినదనియు, మనసు చెప్పుచేతలలోనికి వచ్చినదనియు వ్రాసెను.

ఇచట మేము కొంచెము నిలువవలసి యున్నది. పొగాకులోని నికోటినును 1828లో హైడెల్‌బర్గులో పోసెల్టు, రైమాను అను నిద్దఱు శాస్త్రజ్ఞులు వేఱుచేసిరి. కాని అది మెదడులో చేయు పని బోధపడుటకు నూఱేండ్లకు పైబడి పట్టినది. పీల్చిన పొగలోని నికోటిన్ కొలది క్షణములలో మెదడును చేరి, అచటి కణములమీద దానికై యమరిన తావుల నాశ్రయించి, తృప్తి గొలుపు రసములను విడిపించును. ఏండ్లతరబడి త్రాగినవానిలో ఆ తావులు హెచ్చి, మెదడు ఆ రాకకు అలవాటుపడును. అది రానినాడు కోపము, ఆందోళన, నిద్రలేమి, ఆకలి, దిగులు, ఏ పనిమీదను మనసు నిలువకపోవుట సంభవించును. ఈ బాధ మానిన కొన్ని గంటలకే మొదలై, మొదటి వారములో మిక్కుటమై, రెండు మొదలు నాలుగు వారములలో చాలవఱకు తగ్గును. ఫ్రాయిడు వ్రాసికొనిన మూడు వారములు నేటి శాస్త్రపు లెక్కకు సరిగా సరిపోవుచున్నవి! అనగా మిక్కిలి కఠినమైన గడియలను ఆయన దాటివచ్చెను. ఏరు దాటి ఒడ్డున కాలు జాఱెను.

ఆయన జాఱుటకు హేతువు చపలత్వము కాదని మా యభిప్రాయము. చుట్ట లేనిదే బుద్ధి నడువదను ఆ పాతనమ్మికయే ఆయనను పడద్రోసెను. మానినందువలన వచ్చిన మాంద్యమును ఆయన తన సహజస్థితిగా నెంచెను. చుట్ట ఆ మాంద్యమును తొలగించుటను ప్రజ్ఞాదానముగా నెంచెను. నెలనెల అప్పు తెచ్చి యిల్లు గడుపువాడు అప్పిచ్చు షావుకారునే అన్నదాత యనుకొనుట యిట్టిదే. మానినవారి మనసు కొన్ని మాసములకు, మానకున్నవారి మనసుకంటె నెమ్మదిగా నుండునని నేటి పరిశోధనలు చూపుచున్నవి. ఆ మాట ఆయనకు చెప్పుటకు 1894లో నెవరును లేరు. ఉన్నది బెర్లిను నుండి టపాలో వచ్చిన నిషేధమొక్కటి.

1895 జూనులో మఱియొక లేఖ కలదు. పదునాలుగు నెలల విరతి తరువాత చుట్ట మఱల మొదలిడితిననియు, లోపలి పనివానికి మేత వేయనిదే వాడు పనిచేయడనియు నందలి భావము. పదునాలుగు నెలలు వెనుకకు లెక్కించినచో 1894 ఏప్రిలు వచ్చును. నడుమ ముట్టించిన చుట్టలు ఈ లెక్కలో నెచటికి పోయెనో తెలియదు. ఈ గణితము పొగత్రాగువారికందఱకు పరిచితమే గనుక మేము దానిని తప్పుపట్టము.

తరువాతి యిరువదేండ్లలో ఆయన గ్రంథములు వెలువడెను, కీర్తి పెరిగెను. 1902 నుండి బెర్గాసె వీథిలోని 19వ నంబరు యింట బుధవారపు రాత్రులలో శిష్యులు చేరి, పొగ దట్టముగ క్రమ్మిన గదిలో చర్చలు జరుపుచుండిరి. తమ్ముని కొడుకైన పదునేడేండ్ల హ్యారీ చుట్ట వలదనగా, చౌకలో దొరకు గొప్ప యానందమును పోగొట్టుకొనుచున్నావని ఆయన జాలిపడెనట! 1897లోనే పొగాకు, మద్యము, మార్ఫిను మొదలగునవి చిన్ననాటి మఱియొక యలవాటునకు బదులుగా వచ్చినవని ఆయన ఫ్లీసునకు వ్రాసియుండెను. అందఱి కలలను విప్పిచూచినవాడు ఈ సూత్రమును తన చుట్టమీద నిలిపి తుదముట్ట పరీక్షించిన జాడ లేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున వియన్నాలో చుట్టలు కఱవయ్యెను. 1917 నవంబరులో నున్న కడపటి చుట్ట కాలిపోగా, చిరాకు, గుండెదడ కలుగుటయే గాక అంగిలిలో నొక వాపు బాధించెను. ఒక రోగి యేబది చుట్టలు తెచ్చియిచ్చెను. ఒకటి ముట్టింపగనే మనసు తేఱెను, వాపును తగ్గినదని తోచెను. ఆ వాపు రాచపుండేమో యని పరిహాసముగనే యైనను ఆయన మిత్రుడు ఫెరెంజీకి వ్రాసెను.

1923 ఫిబ్రవరిలో నోటిలో తెల్లని పొర గానవచ్చెను. ఆయన రెండు మాసములు దానిని దాచెను. చుట్ట మానుమందురేమో యను భయము అందుకొక కారణము. ఏప్రిలులో ఒక ఆసుపత్రిలో బహిరోగివలె శస్త్రచికిత్స జరిగి, నెత్తురు కట్టక ప్రాణముమీదికి వచ్చెను. గదిలోని గంట పలుకలేదు. అదే గదిలోని మఱియొక రోగి, ఒక మఱుగుజ్జు, పరుగెత్తిపోయి దాదిని పిలుచుకొనివచ్చి ఆ మహాపురుషుని కాపాడెను. జబ్బు రాచపుండని వైద్యులు మొదట ఆయనకు చెప్పలేదు. ఆ జూనులోనే ముద్దుల మనుమడు నాలుగేండ్ల హైనెలె క్షయతో మరణించెను. ఆ దుఃఖము తన జబ్బుకంటె నెక్కువగా ఆయనను క్రుంగదీసెను.

అంగిలి పుండనగా మన తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగెడి అడ్డపొగ యను ఆచారము కలదు. దానివలన అంగిలికి వచ్చు రాచపుండును విశాఖపట్టణపు వైద్యులు చిరకాలముగా పరిశీలించి గ్రంథస్థము చేసియున్నారు. ఫ్రాయిడు నిప్పును లోపల నుంచుకొనలేదు. దినమునకు ఇరువది చుట్టలే ఆ పనిని చేసినవి.

1923 అక్టోబరులో పిచ్లరు అను శస్త్రవైద్యుడు కుడివైపు పైదవడ యెముకలో చాల భాగమును, అంగిలిలో కొంత భాగమును తీసివైచెను. నోటిని, ముక్కును వేఱుపఱచుటకు కట్టుడుపండ్లవంటి పెద్ద పరికరమును అమర్చిరి. అది పెట్టిన నొప్పి, తీసిన మాట రాదు. తరువాతి పదునాఱేండ్లలో ముప్పదికి మించి శస్త్రచికిత్సలు జరిగెను. దవడలు బిగిసిపోయి నోరు తెఱువరానినాడు, బట్టలారవేయు కొయ్యపిన్నుతో పండ్లను ఎడముచేసి చుట్టను దూర్చుకొనెడివాడు. మేము దీనిని పరిహసించుటకు చెప్పుటలేదు. నొప్పికి మందు వలదని, బుద్ధి మసకబాఱునని, ఆస్పిరినుకంటె బలమైనది చాలకాలము ముట్టని ధీరుడే ఈ పని చేసెనని చెప్పుటకు వ్రాయుచున్నాము.

1930 వసంతమున గుండె మఱల హెచ్చరింపగా ఆయన ఒక చికిత్సాలయమున జేరి పూర్తిగా మానెను. సరిగా ఏబదియేండ్లు తన జీవితయుద్ధమున కవచముగాను, ఆయుధముగాను నుండినదానిని విడిచితినని లూ అండ్రియాస్-సలోమె అను విదుషీమణికి వ్రాసెను. ఆరోగ్యము మెఱుగుపడెను, సంతోషము మాత్రము రాలేదట. కొన్నాళ్ళకు దినమునకొక చుట్ట, మఱికొన్నాళ్ళకు రెండు, పిమ్మట మూడు నాలుగు. ఎఱిగిన దారియే!

ఆయనకు దొరకని సాయము నేడు మనకు కలదు. 1978 నుండి నికోటిన్ చేర్చిన నమలుబంక యూరపులో అమ్మకమునకు వచ్చెను. పిమ్మట చర్మమున కంటించు పట్టీలు వచ్చెను. పొగలోని తారు లేకుండ నికోటినునే మెల్లమెల్లగా, తగ్గు మోతాదులలో ఇచ్చి మాన్పించుట వీని యుపాయము. ఫ్లైషల్ విషయమున తలక్రిందైన ఆశ యిచట ఫలించుటకు కారణము, క్రొత్త మత్తు నేదియు తేకుండుటయే. గుండెజబ్బున్నవారు వైద్యుని యడిగి వాడవలెను. ఉండబట్టలేని కోరిక ప్రతిసారియు కొలది నిమిషములలో దానంతటది తగ్గును. ఆ నిమిషములు గడపుటకు నీళ్ళు త్రాగుట, నాలుగడుగులు నడచుట, ఎవరితోనైనను మాటలాడుట మేలు. మనదేశమున 2016 నుండి ప్రభుత్వమువారు టెలిఫోనుమీద ఉచితముగా సలహా చెప్పు ఏర్పాటు చేసినారు. ఒకటి రెండుమార్లు తప్పినవారే కడకు మానుచున్నారని వైద్యులు చెప్పుచున్నారు.

1938 మార్చిలో నాజీ సేనలు వియన్నాలో ప్రవేశించెను. యూదుడగు ఫ్రాయిడు దేశము విడువవలసివచ్చెను. ఆ యేప్రిలు 19న తమ్ముడు అలెగ్జాండరుకు 72వ పుట్టినరోజు వచ్చెను. ఏండ్లతరబడి ప్రోగైన మేలైన చుట్టలన్నిటిని ఫ్రాయిడు ఆయనకు కానుకగా నిచ్చెను. అనుభవించు భాగ్యము నీకింకను కలదు, నాకు లేదని విచారపడెను. జూనులో లండను చేరెను. మఱుసటి యేటికి పుండు శస్త్రమునకు లొంగనిదయ్యెను. దుర్వాసనకు తాళలేక పెంపుడుకుక్క దగ్గఱకు రాకపోయెను. చాలునని ఆయన కోరగా షూరు వైద్యుడు మార్ఫిను నిచ్చెను. 1939 సెప్టెంబరు 23వ తేదీన హాంప్‌స్టెడ్‌లోని యింట ఆయన ప్రాణములు విడిచెను. అప్పటికి ఆయనకు 83 ఏండ్లు.