ఉద్యోగోన్నతికి న్యాయము కోరిన మన్రో

మద్దికెర పొరుగుననున్న పత్తికొండలో 1827 జూలై 6వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరా సోకి మరణించెను. అప్పటికే ఆయన రాజీనామా సమర్పించి, తన స్థానమునకు రావలసిన వాని కొఱకు వేచియుండెను. పూర్వము తాను పాలించిన సీమను తుదిసారి చూచుటకై వచ్చి ఇచటనే కన్నుమూసెను. రైతువారీ పద్ధతి నెలకొల్పిన దొరగా ఆయనను ఈ ప్రాంతము ఎఱుగును. కాని కొలువులో ఎవరిని ఏ కొలతతో పైకి తేవలెనను విషయమున ఆయన చేసిన వాదము అంతగా ప్రసిద్ధము కాదు.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఒక వర్తకుని ఇంట జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చిన్న కొలువుతో మద్రాసు చేరి, హిందూస్థానీ, పారశీక భాషలను శ్రద్ధతో నేర్చెను. 1792లో టిప్పు సుల్తాను నుండి బారామహలు కంపెనీ వశమైనపుడు, దేశభాషలెఱిగిన సివిలు ఉద్యోగులు మద్రాసులో కొఱతపడిరి. అందుచే గవర్నరు జనరలు కారన్‌వాలిసు ఆ పనిని సైనికుడైన కెప్టెన్ రీడునకు అప్పగించెను. రీడు సహాయకులలో మన్రో ఒకడయ్యెను. హోదాను బట్టి గాక విద్యను బట్టి లభించిన ఆ అవకాశమే ఆయన ఉన్నతికి మూలము.

అదే కారన్‌వాలిసు దేశీయుల యెడ ఆ కొలతను పాటింపక, పెద్ద పదవుల నుండి వారిని దూరముంచెను. 1793 నాటి చార్టరు చట్టము ఏటా 500 పౌండ్లకు మించిన జీతముగల సివిలు పదవులను కంపెనీవారి ఒడంబడిక ఉద్యోగులకే ప్రత్యేకించెను. ఎంతటి సమర్థుడైనను దేశీయునికి శిరస్తాదారు, తహశీలుదారు పదవుల కావల దారి మూసికొనిపోయెను.

1800లో నిజాము అప్పగించిన దత్తమండలములను మన్రో ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పాలించెను. ఆదవాని, గుత్తి, పత్తికొండ సీమలు అందులోనివే. పొలము వెంట పొలము కొలిపించి శిస్తు నిర్ణయించిన ఆ మహాకార్యము భూమి గుణమును, గ్రామపు లెక్కలను ఎఱిగిన దేశీయోద్యోగుల చేతనే నడచెను. భారము వారిది, పదవి వేఱొకరిదిగా నుండెను.

దేశీయులు లంచగొండులు గనుక పెద్ద పదవులకు తగరని పలువురు ఆంగ్లోద్యోగుల తలంపు. మన్రో ఆ దోషమును ఎఱుగనివాడు కాడు. కోయంబత్తూరు ఖజానాలో ఒక దేశీయోద్యోగి నడపిన గొప్ప మోసమును విచారించినవారిలో ఆయన యొకడు. అయినను ఒకని నేరమును జాతికంతకు అంటగట్టలేదు. చాలీచాలని జీతము, పైకి వత్తుమన్న ఆశ లేకుండుటయే అవినీతికి కారణములని ఆయన నిర్ణయించెను. కంపెనీ ఆంగ్లోద్యోగులు సైతము జీతములు తక్కువైన కాలమున అక్రమార్జనకు దిగి, జీతములు పెరిగిన పిమ్మట చక్కబడిరని ఆయన గుర్తుచేసెను. ఆ మందునే దేశీయులకును ఈయవలెనని ఆయన వాదము. 1816 నాటి నిబంధనల వలన జిల్లా మునసబుల అధికారము విస్తరించుటకు ఆయన కృషియే ముఖ్యకారణము.

1820లో గవర్నరైన పిదప, 1824 డిసెంబరు 31న వ్రాసిన ప్రసిద్ధ నివేదికలో ఈ విషయమునే విపులీకరించెను. గౌరవమునకు, ఉన్నతోద్యోగమునకు త్రోవ తెఱవక కేవలము గ్రంథపఠనముచే ప్రజాశీలము మెఱుగుపడదని ఆయన విశ్వాసము. కనుకనే 1826లో తహశీలు తహశీలునకును ఒక పాఠశాలను తలపెట్టుచు, విద్యను ఉద్యోగమార్గముతో ముడివేసెను.

అయినను ఆయన న్యాయదృష్టికి ఎల్లలు లేకపోలేదు. సర్వాధికారము, సైన్యము ఆంగ్లేయుల చేతనే ఉండవలెనని ఆయన మతము. ఆయన మరణించిన ఆఱేండ్లకు, 1833 చార్టరు చట్టము మతము, జన్మము, వర్ణము కారణముగా ఎవ్వరును ఉద్యోగమునకు అనర్హులు కారని ప్రకటించెను. కాని ఆచరణ వెనుకబడెను. సివిలు సర్వీసునకు తొలి భారతీయుడుగా సత్యేంద్రనాథ టాగూరు ఎన్నికయినది 1863లో మాత్రమే.

మన్రో స్మృత్యర్థము ప్రభుత్వము పత్తికొండలో తోట వేయించి, రాతిమెట్ల బావి త్రవ్వించెను. ఆయన భౌతికకాయమును మొదట గుత్తిలో ఖననము చేసి, 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించిరి. నమ్మకము చూపక నమ్మకస్థులను కోరరాదనియు, ఎదుగుటకు చోటీయక యోగ్యతను నిందింపరాదనియు ఆయన చేసిన వాదము, కొలువులు పంచు వారెల్లరకు పాఠము.