గిట్టలు చూడమన్న సేనాని

రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్‌లో నా సర్వీసంతా గుర్రాల మధ్యనే గడిచింది. కొత్త కుర్రగుర్రం వచ్చిందంటే చాలు, అందరి కళ్లూ ముందు దాని మొహం మీదికే పోతాయి. అక్కడ కాదు, గిట్టల దగ్గర మొదలుపెట్టండని దాదాపు 2,400 ఏళ్ల కిందటే రాసిపెట్టిన ఒక సైనికుడున్నాడు. ఆయన పేరు జెనోఫన్.

గ్రీసులోని ఏథెన్స్ ఆయన స్వస్థలం. సోక్రటీసుకు శిష్యుడు. క్రీ.పూ. 401లో పర్షియా రాకుమారుడు సైరస్, అన్నగారి సింహాసనం కోసం దండెత్తినప్పుడు, జీతానికి కుదిరిన గ్రీకు సైన్యం వెంట తానూ బయల్దేరాడు. బాబిలోన్ సమీపాన కునాక్సా యుద్ధంలో సైరస్ మరణించాడు. ఆ తర్వాత పర్షియన్లు సంప్రదింపులకని పిలిచి గ్రీకు సేనానులను బంధించి చంపేశారు. పరాయిగడ్డ మీద సుమారు పదివేల మంది దిక్కులేనివాళ్లయ్యారు. అప్పుడు ఎన్నుకున్న కొత్త నాయకుల్లో జెనోఫన్ ఒకడు.

వాళ్లకు అశ్వదళం లేదు. శత్రువులేమో గుర్రాల మీద వచ్చి బాణాలేసి పోతున్నారు. జెనోఫన్ సామాన్లు మోసే గుర్రాల్లోంచే పనికొచ్చేవాటిని ఏరించాడు. మర్నాటికి 50 మంది రౌతులు సిద్ధం! మళ్లీ వచ్చిన పర్షియన్లను తరిమికొట్టారు. క్రీ.పూ. 400లో నల్లసముద్రం ఒడ్డు చేరారు.

తర్వాత స్పార్టా పక్షాన చేరినందువల్ల సొంత ఊరు ఆయన్ని వెలివేసింది. ఒలింపియా దగ్గర స్కిల్లస్‌లో స్పార్టావాళ్లిచ్చిన భూమిలో కాపురముంటూ, కొడుకులతో వేటాడుతూ, పుస్తకాలు రాశాడు. అశ్వవిద్య మీద రాసిన పుస్తకం మొదట్లోనే కుర్రగుర్రాన్ని ఎలా ఎంచుకోవాలో వివరించాడు. రౌతు ఎక్కని గుర్రం గుణం తెలియదు కాబట్టి ఒళ్లే చూడాలంటాడు. పునాది బాగాలేని ఇల్లెలా నిలవదో, గిట్టలు బాగాలేని గుర్రమూ యుద్ధానికి అంతే. గిట్ట మందంగా, ఎత్తుగా ఉండాలి, నేల మీద ఖంగుమని మోగాలి. ఆపైన కాళ్లు, మోకాళ్లు, ఛాతీ, మెడ. ఆ తర్వాతే తల.

ఇక మచ్చిక చేయడం. కొరడాతో కాదు, తిండీ నీళ్లూ మనిషి చేతి మీదుగానే అందుతాయని గుర్రానికి తెలియాలి. జనంలోకి, చప్పుళ్లలోకి తీసుకెళ్లాలి. బెదిరితే కొట్టకుండా, భయపడాల్సింది లేదని నెమ్మదిగా నేర్పాలి. కోపంలో దాని దగ్గరికి పోనేకూడదు. అనువైన చోట వేటను మించిన సాధన లేదని కూడా చెప్పాడు. రిక్రూట్లకు శిక్షణ ఇచ్చిన మన ఇన్‌స్ట్రక్టర్లకు ఇవి కొత్త మాటలేం కావు!

వెలివేసిన ఏథెన్స్ మీద ఆయన కక్ష పెట్టుకోలేదు. కొడుకులిద్దరూ ఆ ఊరి అశ్వదళంలోనే చేరారు. క్రీ.పూ. 362లో మాంటినియా దగ్గర జరిగిన పోరులో పెద్దకొడుకు గ్రిల్లస్ నేలకొరిగాడు. కబురొచ్చేటప్పటికి తండ్రి పూజలో ఉన్నాడనీ, తలమీది పూలదండ తీసేశాడనీ, కొడుకు వీరుడిలా పోరాడి పోయాడని విని మళ్లీ పెట్టుకున్నాడనీ ఒక కథ చెబుతారు. అది నిజమో కాదో గానీ, కొడుకును సైన్యంలోకి పంపిన తండ్రులు మనలోనూ ఎందరో ఉన్నారు. ఆ దండ బరువెంతో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.