పిల్లల న్యాయస్థానానికి తలవంచిన వైద్యుడు – యానుష్ కోర్చాక్

ప్లాటినోత్సవ సంచికకు ఒక విద్యావేత్త జీవితం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గంవారు కోరినప్పుడు మనకు చిరపరిచితులైన మహనీయుల పేర్లే మొదట మనస్సులో మెదిలాయి. వారిని గురించి వ్రాయగల సమర్థులు మనలో పలువురున్నారు. కనుక పోలెండు దేశంలో ఇంటింటా పేరు వినబడే ఒక పసిపిల్లల వైద్యుని కథ ఇక్కడ మనవి చేస్తున్నాను.

యానుష్ కోర్చాక్ అన్నది ఆయన కలంపేరు. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. అప్పట్లో రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉన్న వార్సా నగరంలో, ఒక యూదు న్యాయవాది ఇంట జూలై 22న జన్మించారు. సంవత్సరం 1878 అని కొందరు, 1879 అని కొందరు అంటారు. తండ్రిగారు సకాలంలో నమోదు చేయించకపోవడమే ఈ సందేహానికి కారణం. మన ఇళ్లలో మాత్రం బడి రిజిస్టరులోని పుట్టినతేదీ ఒకటి, జాతకంలోనిది మరొకటి కాదా!

చిన్ననాడు చేరిన బడిలో తోటి బాలునికి బెత్తపు దెబ్బలు పడటం ఆయన కళ్లారా చూశారు. ఆ దృశ్యం జన్మాంతం ఆయనను వదలలేదు. తరువాత తండ్రికి మతి చలించింది, ఆస్తి హరించుకుపోయింది. 1896లో తండ్రి గతించేనాటికి ఈ విద్యార్థి ఇంటింటికీ తిరిగి ప్రైవేట్లు చెప్పి కుటుంబాన్ని ఆదుకోవలసిన స్థితిలో ఉన్నారు. అయినా చదువు మానక 1905లో వైద్యపట్టం పుచ్చుకున్నారు. రష్యా, జపాను దేశాల యుద్ధంలో సైనిక వైద్యులుగా పనిచేసి, తిరిగివచ్చి వార్సాలోని ఒక పిల్లల ఆసుపత్రిలో కుదురుకున్నారు. పేరు వచ్చింది, రచయితగా కీర్తీ వచ్చింది. అయితే మందు ఇచ్చి పంపిన పిల్లవాడు మళ్లీ అదే ఆకలికి, అదే దెబ్బలకు తిరిగి వెళ్తున్నాడన్న చింత ఆయనను పీడించింది. 1912లో వార్సా క్రోఖ్‌మల్నా వీధిలో యూదు అనాథ బాలల కోసం కొత్త భవనంలో గృహం వెలసినప్పుడు, ఆసుపత్రి విడిచి దాని బాధ్యత స్వీకరించారు. వివాహం చేసుకోలేదు. ఆయనతోపాటు ఆ గృహాన్ని నడిపిన స్తెఫానియా విల్చిన్స్కా అనే విదుషీమణి సేవ ఆయన సేవకు ఏమాత్రం తీసిపోదు. లోకం ఆమెను తగినంతగా స్మరించలేదనే నా అభిప్రాయం.

నూరుమందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు లేనివారు, వీధులలో పెరిగినవారు, మాట కంటె ముందు చెయ్యి లేచేవారు. అటువంటి చోట బెత్తం లేకుండా క్రమశిక్షణ ఎట్లా నిలుస్తుంది? ఉపాధ్యాయులం అందరం అడిగే ప్రశ్న ఇదే. కోర్చాక్ దీనికి సమాధానంగా ఒక న్యాయస్థానాన్ని నెలకొల్పారు. ఆ వారంలో తమపై ఫిర్యాదు లేని పిల్లలలోనుంచి చీట్లు వేసి అయిదుగురిని న్యాయమూర్తులుగా ఎన్నుకునేవారు. ఎవరు ఎవరిపైనైనా ఫిర్యాదు వ్రాయవచ్చు. దానికొక శిక్షాస్మృతి కూడ ఉండేది. అందులో మొదటి 99 నిబంధనలూ ముద్దాయిని విడిచిపెట్టేవి, క్షమించేవి. 100వ నిబంధన నుండి దోషనిర్ణయం మొదలై, కాఠిన్యం క్రమంగా పెరిగి, 1000వ నిబంధన వద్ద గృహబహిష్కారంతో ముగుస్తుంది. దెబ్బ అన్నది ఆ స్మృతిలో ఎక్కడా లేదు.

ఆ న్యాయస్థానం పెద్దలకు కూడ వర్తించేది. ఒక అర్ధసంవత్సరంలో కోర్చాక్ అయిదుసార్లు తనపై తానే ఫిర్యాదు చేసుకున్నారు. ఒక బాలుని చెవిపై కొట్టినందుకు ఒకసారి, ఒక బాలికపై దొంగతనం అనుమానించినందుకు మరొకసారి. ఇది చదివిన నాడు ఈ వ్యాసకర్త పుస్తకం మూసి చాలసేపు మౌనంగా కూర్చున్నాడు. ఉద్యోగపు తొలి సంవత్సరాలలో నేనూ బెత్తం పట్టినవాడినే. అటువంటి న్యాయస్థానం మనకూ ఉండి ఉంటే నాపై ఎన్ని ఫిర్యాదులు వచ్చి ఉండేవో లెక్కవేయడానికి ధైర్యం చాలలేదు. పాతవిద్యార్థులు కొందరు ఈ పుటలు చదువుతారని తెలిసే ఈ మాట వ్రాస్తున్నాను.

ఈ ఏర్పాటు సాఫీగా సాగిందని కాదు. కొందరు పిల్లలు తీర్పులను ఎగతాళి చేశారు, అల్పవిషయాలకు ఫిర్యాదులు గుప్పించారు. కొన్ని వారాలపాటు న్యాయస్థానాన్ని నిలిపివేసి, లోపాలు సవరించి, మరల తెరవవలసి వచ్చింది. ఆ వైఫల్యాన్ని కూడ ఆయన తన గ్రంథంలో దాచకుండా వ్రాసుకున్నారు.

గృహానికి క్రొత్తగా వచ్చిన పిల్లవానికి మూడు నెలలపాటు పెద్ద పిల్లలలో ఒకరు సంరక్షకులుగా ఉండేవారు. తానూ ఒకనాడు బెదురుతూ వచ్చినవాడే కనుక ఆ బెదురు అతనికి తెలుసు. కొట్లాడే అలవాటు మానలేని పిల్లలు డాక్టరుగారితో పందెం వేసుకునేవారు. ఒక్కసారిగా మానేస్తానని కాదు, వారానికి ఇన్ని కొట్లాటలకు మించనని. మరుసటి వారం ఇంకొకటి తగ్గేది. గెలిచినవారికి మిఠాయి. ఓడానో గెలిచానో చెప్పవలసినది పిల్లవాడే, డాక్టరుగారు నమ్మేవారు. ఎవరూ నమ్మక పెరిగిన పిల్లలకు అది ఎంత బలమిచ్చి ఉంటుందో తల్లిదండ్రులు ఆలోచించగలరు.

ఉపాధ్యాయ శిక్షణ పొందేవారికి ఒకమారు ఆయన ఎక్స్‌రే గదిలో పాఠం చెప్పారట. ఒక చిన్న పిల్లవాణ్ణి తెర వెనుక నిలిపి, చీకటిగదిలో భయంతో కొట్టుకుంటున్న అతని గుండెను చూపించారు. పిల్లవానిపై చెయ్యి ఎత్తబోయేటప్పుడు ఆ గుండెను తలచుకోమన్నదే ఆనాటి పాఠం.

1923లో బాలరాజు మాత్యూష్ కథ, 1929లో బాలల గౌరవహక్కును గూర్చిన గ్రంథం వెలువడ్డాయి. 1926లో ఆయన స్థాపించిన, పిల్లలే విలేఖరులైన వారపత్రిక 1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చేదాకా సాగింది. రేడియోలో ముసలి డాక్టరు అనే మారుపేరుతో ప్రసంగించేవారు.

1940లో జర్మనులు వార్సా యూదులను గోడల మధ్య బంధించినప్పుడు అనాథగృహం కూడ అక్కడికి తరలింది. ఆహారం కోసం ఆయన జోలె పట్టి తిరిగారు. ఆ గోడల నడుమనే, 1942 జూలై 18న, మన రవీంద్రనాథ ఠాగూరు డాక్‌ఘర్ నాటకాన్ని పిల్లల చేత ఆడించారు. జబ్బుపడి గదిలో బందీయై రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే అమల్ కథ అది. మృత్యువును ప్రశాంతంగా స్వీకరించడం పిల్లలకు అలవడాలన్నది ఆయన ఉద్దేశమని చెబుతారు. మూడు వారాలైనా గడవకముందే, ఆగస్టు తొలివారంలో, సుమారు రెండువందలమంది పిల్లలను ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి పంపే రైలు వద్దకు నడిపించారు. ఆయనను తప్పించడానికి మిత్రులు అంతకుముందే పలుమార్లు ప్రయత్నించారు; ఆయన అంగీకరించలేదు. స్తెఫానియాగారూ, తక్కిన సిబ్బందీ పిల్లలతోనే వెళ్లారు. ఎవరూ తిరిగిరాలేదు.

బాలల హక్కులకు అంతర్జాతీయ ఒడంబడిక కావాలని 1978లో ఐక్యరాజ్యసమితి ముందు ప్రతిపాదన ఉంచినది ఆయన దేశమైన పోలెండే. 1989 నవంబరు 20న సమితి దానిని ఆమోదించింది. 1992లో భారతదేశం అందులో చేరింది. మన 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ విభాగం బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

ట్రెబ్లింకాలో నేడు స్మారకంగా సుమారు 17,000 రాళ్లు నిలిపి ఉన్నాయి. చాలవాటిపై ఏమీ లేదు. కొన్నిటిపై ఊర్ల పేర్లున్నాయి. వ్యక్తి పేరు ఉన్నది ఒక్క రాతిపైననే. దానిపై కోర్చాక్ పేరు, పక్కనే పిల్లలు అన్న మాట చెక్కి ఉన్నాయి.